లోహవిహంగ శిల్పి

హైదరాబాదులోని మధురానగర్‌కు చేరువలో ఉన్న బేగంపేట విమానాశ్రయం 2008 మార్చి వరకు నగరవాసులకు గగనద్వారంగా విలసిల్లింది. 1945లో స్థాపితమైన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ డకోటా విమానాలు అక్కడి నుండే ఎగిరేవి. పలుచని అల్యూమినియం మిశ్రమలోహపు రేకులను అసంఖ్యాకమైన రివెట్లతో కూర్చి వాటి దేహాలను నిర్మించారు. రేకుతో విమానం నిర్మించవచ్చునని నిరూపించినవారిలో అగ్రగణ్యుడు హ్యూగో యుంకర్స్.

యుంకర్స్ 1859 ఫిబ్రవరి 3న జర్మనీలోని రైట్ పట్టణంలో జన్మించారు. ఇంజనీరింగు విద్య పూర్తిచేసి, డెస్సావు నగరంలో నీటిని వేడిచేసే గ్యాసు పరికరాల కర్మాగారం నెలకొల్పారు. 1897లో ఆకెన్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యులయ్యారు. విమానాల వైపు ఆయన దృష్టి మళ్ళేనాటికి వయస్సు యాభైకి చేరువైంది.

ఆనాటి విమానాలు కర్ర, గుడ్డ, తీగలతో తయారయ్యేవి. అవి వానకు నానేవి, నిప్పుకు ఆహుతయ్యేవి. లోహం బరువు కనుక ఎగరదని పలువురు వాదించారు. యుంకర్స్ నిర్మించిన ఉక్కురేకుల విమానం జె-1, 1915 డిసెంబరు 12న గాలిలోకి లేచింది. జనం దానిని రేకుగాడిద అని పరిహసించారు. వేగం ఉన్నా, బరువు వలన అది పైకెక్కడంలో మందకొడిగా ఉండేది.

ఆ లోపాన్ని సవరించడానికి ఆయన తేలికైన డ్యురాలుమిన్‌ను స్వీకరించారు. అయితే వెల్డింగు వేడికి ఆ లోహం బలం కోల్పోతుంది. అందుచేత రివెట్లే శరణ్యమయ్యాయి. రెండు రేకులను ఒకదానిపై ఒకటి అమర్చి బెజ్జం వేయాలి. అంచున లేచిన గరుకును తొలగించాలి. రివెట్టు దూర్చి, ఒకవైపు బరువైన ఉక్కుదిమ్మె ఆనించి, రెండవవైపు సుత్తితో మోదాలి. అప్పుడు కాడ చివర నలిగి రెండవ తలగా మారి రేకులను బిగిస్తుంది. బెజ్జం వంకరైతే అతుకు బలహీనమవుతుంది. ఇంటివద్దనే చిన్న విమానాలు నిర్మించుకొనే ఔత్సాహికులకు నేటికీ ఈ జాగ్రత్తలు తప్పవు.

పలుచని రేకు వంగిపోకుండా యుంకర్స్ దానిని అలలవలె ముడతలు పెట్టించారు. 1919 జూన్ 25న ఎగిరిన ఆయన ఎఫ్-13, నలుగురు ప్రయాణికులను మోయగల తొలి సంపూర్ణ లోహ ప్రయాణికవిమానం. 1928లో బ్రెమెన్ అనే యుంకర్స్ విమానం అట్లాంటిక్ సముద్రాన్ని తూర్పు నుండి పడమరకు ఆగకుండా తొలిసారిగా దాటింది.

విమానం దేశాలను కలపాలన్నది యుంకర్స్ ఆశయం. 1933లో అధికారం చేపట్టిన నాజీలకు ఆయన కర్మాగారం యుద్ధానికి కావలసివచ్చింది. వారు ఆయనను బెదిరించి పేటెంట్లను, సంస్థను లాగుకొన్నారు. డెస్సావులో అడుగుపెట్టకుండా నిషేధించి గృహనిర్బంధంలో ఉంచారు. 1935 ఫిబ్రవరి 3న, తన 76వ పుట్టినరోజుననే ఆయన కన్నుమూశారు. తరువాత ఆయన పేరుతోనే బాంబర్లు నగరాలపై విరుచుకుపడ్డాయి. శాంతికోసం శ్రమించిన శాస్త్రజ్ఞునికి ఇంతకుమించిన అన్యాయం లేదు.

నేడు హైదరాబాదు శివారులోని ఆదిభట్లలో విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. అక్కడ రివెట్టు బిగించే ప్రతి చేతిలోను, నాడు పరిహాసానికి వెరవని ఆ వృద్ధాచార్యుని పట్టుదల సజీవంగా ఉంది.