విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

పాత కాలపు మోటార్ సైకిల్‌కి ఇ.సి.యు. ఉండేది కాదు. నడిపేవాడే ఇ.సి.యు. 1910 ప్రాంతపు బళ్ల ఫోటోలు చూడండి, హ్యాండిల్ మీద చిన్న చిన్న మీటలు కనిపిస్తాయి. ఒకటి థ్రాటిల్‌కి, ఒకటి పెట్రోల్లో గాలి పాలు మార్చడానికి, చాలా బళ్లలో ఇంకొకటి స్పార్క్ ముందు పడాలా వెనక పడాలా అని చెప్పడానికి. స్టార్ట్ చేసేటప్పుడు స్పార్క్ కాస్త లేటుగా పడాలి, లేకపోతే ఇంజిన్ వెనక్కి తంతుంది. స్పీడ్ పెరిగాక ముందుకి జరపాలి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మళ్లీ తగ్గించాలి. ఇదంతా రోడ్డు చూస్తూ, చెవితో ఇంజిన్ వింటూ, వేళ్లతో చెయ్యాలన్నమాట.

అలాంటి రడ్జ్ బండి ఒకటి కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెకి వచ్చింది. నడిపింది ఒక తెల్ల ఆఫీసరు. చూసింది గోపాలస్వామి దొరైస్వామి నాయుడు అనే కుర్రాడు. మనం జి.డి. నాయుడు అంటామే, ఆయనే. 1893 మార్చి 23న పుట్టారు. ఎప్పుడో తమిళ దేశానికి వలస వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆయనది ఒకటి. చదువు ప్రైమరీ స్కూల్‌తోనే ఆగిపోయింది. పొలం పనులు చూసుకుంటూ ఉండిపోవాల్సిన మనిషి ఆ బండి చూశాక ఇంక ఊళ్లో కాలు నిలవక కోయంబత్తూరు వెళ్లిపోయారు. హోటల్లో సర్వర్‌గా చేరారు. కొన్నేళ్లు టేబుళ్లు తుడిచి, దాదాపు 300 రూపాయలు పోగేశారని చెబుతారు. ఆ డబ్బుతో ఆ రడ్జ్‌నే కొన్నారు.

ఇక్కడ మనలో చాలామంది చేసే పని, బండి వేసుకుని ఒక రౌండ్ కొట్టి స్టేటస్ పెట్టడం. ఆయన బండిని పూర్తిగా విప్పేశారు. ప్రతి ముక్కా చూసి మళ్లీ బిగించారు. మాన్యువల్ చదివే ఇంగ్లీషు లేదు, నేర్పే గురువు లేడు. అలా మెకానిక్ అయ్యారు.

తర్వాత తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేశారు, డబ్బు వచ్చింది. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్లారు, డబ్బు పోయింది. తిరిగొచ్చాక ఆయన్ని ఆదుకున్నది కోయంబత్తూరులో మోటార్ వ్యాపారం చేసే రాబర్ట్ స్టేన్స్. అప్పు మీద ఒక బస్సు ఇప్పించారు. 1920లో పొల్లాచి నుంచి పళనికి ఆ బస్సు తిరగడం మొదలైంది. డ్రైవర్ నాయుడు గారే. ఆ ఒక్క బస్సు పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయ్యింది, అందరూ యు.ఎం.ఎస్. అనేవారు. దేశంలో బాగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటని పేరు తెచ్చుకుంది.

నా లెక్కలో ఆయన ఇంజినీరింగ్ కాలేజీ ఈ బస్సులే. ఒక బండి విప్పితే ఆ బండి గురించి తెలుస్తుంది. అదే రోడ్డు మీద రోజూ తిరిగే బస్సులు చాలా ఉంటే, ఏ భాగం ఎప్పుడు అరుగుతుందో, ఎందుకు అరుగుతుందో తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే డేటా. పైగా బస్సు ఆగిపోతే ప్యాసింజర్లు రోడ్డు మీద ఉంటారు, తప్పించుకోవడానికి లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? మా ఆటోమొబైల్ టీమ్‌లో ఒక చర్చ నడుస్తోంది. చిన్న సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కి టర్బో పెడదామని ప్లాన్. ఇంజిన్‌తో వచ్చిన కంపెనీ ఇ.సి.యు. దానికి పనికిరాదు. ఎందుకంటే ఇ.సి.యు. లోపల ఉండేది సింపుల్‌గా చెప్పాలంటే ఒక 2డి అరే. ఒకవైపు ఆర్.పి.ఎం., ఇంకోవైపు లోడ్, అంటే ఇన్‌టేక్‌లో గాలి ప్రెషర్. ప్రతి గడిలో ఎంత పెట్రోలు కొట్టాలో ఒక నంబర్. అలాంటిదే ఇంకో టేబుల్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో. టర్బో లేని ఇంజిన్‌లో ఆ ప్రెషర్ సుమారు 100 కిలోపాస్కల్స్ దాటదు, సెన్సర్ కూడా అంతవరకే చూడగలదు. టర్బో 180కి తీసుకెళ్లినా దానికి 100 లాగే కనిపిస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు పాతంతే, స్పార్క్ కూడా పాత టైముకే. నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ కరిగి కన్నం పడటానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే పెద్ద రేంజ్ ప్రెషర్ సెన్సర్, వైడ్‌బ్యాండ్ లాంబ్డా, బూస్ట్ కంట్రోల్, నాక్ సెన్సర్ అన్నీ తీసుకోగల బయటి ఇ.సి.యు. కావాలి.

అందులో రెండు దారులు. హాల్టెక్, మోటెక్ లాంటివి కొంటే గట్టి పెట్టె, మంచి సపోర్ట్ వస్తాయి. టేబుల్స్ మార్చుకోవచ్చు, కానీ లోపలి కోడ్ మనకి కనిపించదు. స్పీడ్యునో లాంటిది ఆర్డ్యునో మీద నడుస్తుంది, కోడ్ మొత్తం ఓపెన్. ప్రతి లైనూ చదువుకోవచ్చు, కనెక్టర్లు మాత్రం మనమే సోల్డర్ చేసుకోవాలి, వైబ్రేషన్‌కి ఒక జాయింట్ ఊడితే అక్కడితో రేస్ అయిపోయినట్టే. మెకానికల్ వాళ్లు మొదటిది అంటున్నారు, మేం రెండోది. గాజువాక ఆటోనగర్‌లో స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి ఇంజిన్ వినే పెద్ద మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి రెండూ మూసిన డబ్బాలే. కానీ బూస్ట్‌లో స్పార్క్ వెనక్కి లాగాలని మాకంటే ముందే వాళ్లకి తెలుసు.

నాయుడు గారి దగ్గరికి వద్దాం. ఆయన ఎక్కడికి వెళ్లినా మెషీన్లు చూడటానికే వెళ్లినట్టు ఉంటుంది. 1930ల్లో యూరప్ తిరిగారు. 1936లో లండన్‌లో ఐదో జార్జి రాజు అంత్యక్రియల్ని సొంత కెమెరాతో షూట్ చేశారు. బ్యాటరీతో నడిచే రసాంత్ అనే షేవింగ్ రేజర్ తయారుచేశారు. పల్చటి బ్లేడ్లు, పళ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే మెషీన్... లిస్టు చాలా పెద్దది. 1937లో పీలమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి తయారుచేసిన ఎలక్ట్రిక్ మోటార్‌ని దేశంలో తయారైన మొదటి మోటార్‌గా చెబుతారు. కోయంబత్తూరు ఈరోజు మోటార్లకీ పంపులకీ పేరుపడిందంటే దాని వెనక ఈ మోటార్ కూడా ఉంది.

మనకి బాగా దగ్గరగా అనిపించే ఘట్టం 1945ది. కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ పెట్టించడంలో నాయుడు గారిదే ముఖ్యమైన చెయ్యి. అదే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ప్రైమరీ స్కూల్ దాటని మనిషి దానికి ప్రిన్సిపాల్! ఆయన వాదన ఏంటంటే, ఇంజినీరింగ్‌కి నాలుగేళ్లు దండగ, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలు అని. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు. నాలుగో సెమిస్టర్‌లో కూర్చుని ఇది చదువుతున్న మనకి ఎవరి పక్షం తీసుకోవాలో చెప్పక్కర్లేదు. కాకపోతే నాకు ఒక డౌట్ ఉంది. ఆయనకి రెండేళ్లు చాలు, ఎందుకంటే ఆయన ముందే బండి విప్పి వచ్చారు. విప్పని వాళ్లకి నాలుగేళ్లు కూడా చాలవేమో.

అన్నిటికంటే బాధ కలిగించేది 1952 నాటి కారు. ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు, ధర 2,000 రూపాయలు. 1951లో వచ్చిన పరిశ్రమల చట్టంతో పెద్ద ఎత్తున ఏది తయారుచెయ్యాలన్నా ఢిల్లీ లైసెన్స్ కావాల్సిన రోజులవి. లైసెన్స్ రాలేదు. కారు అక్కడే ఆగిపోయింది. అంతకుముందు 1941లో ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు, అదీ ఇంటింటికీ చేరలేదు. ఇంజిన్‌ని విప్పి బిగించడం తెలిసిన మనిషికి ఆఫీసు ఫైల్ మాత్రం లొంగలేదు. అది విప్పడానికి స్పానర్ లేదు కదా. మారుతి 800 వచ్చింది 1983లో. మధ్యలో పోయిన ముప్పై ఏళ్లు తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ కారు మార్కెట్‌లో నిలబడేదో లేదో వేరే సంగతి, నిలబడే ఛాన్స్ అయినా ఇవ్వాల్సింది.

ఆయన 1974 జనవరి 4న పోయారు. సి.వి. రామన్ అంతటివారు ఆయన్ని మెచ్చుకున్నారు. 2025 అక్టోబర్‌లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద కట్టిన 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. అదే రోడ్డులో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది, పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా. ఫార్ములా భారత్‌కి కారి స్పీడ్‌వే వెళ్లే టీములు ఒక పూట ముందు దిగితే రెండూ చూసి రావచ్చు. ఆ రసాంత్ రేజర్ దగ్గర మాత్రం కాసేపు ఆగండి, మోటార్ ఎంత చిన్నదో చూడటానికి.