భక్త్ సింగ్ తెరిచిన గ్రంథం, తెరవని పుట

హైదరాబాదు నుంచి బీజాపూర్ వెళ్లే రహదారిపై మొయినాబాద్, చేవెళ్లల మీదుగా సాగుతుంటే దారికిరువైపులా పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. ఆ దారి పక్క పల్లెల మాదిగవాడల్లో రేకుల కప్పుతో చిన్న ప్రార్థనా మందిరాలూ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి బిషప్ లేడు, జీతం తీసుకునే పాస్టరూ లేడు. మా నాయనమ్మ అటువంటి మందిరంలోనే, ఒక్క అక్షరం రాకపోయినా, ఆదివారంనాడు కొంగు తలమీదికి లాక్కొని లేచి నిలబడి బిగ్గరగా ప్రార్థన చేసేది. పటేలు ఇంటి ముందు తలెత్తి మాట్లాడి ఎరుగని మనిషి. ఆమెకా గొంతు ఎలా వచ్చిందని వెతుక్కుంటూ పోయిన నేను చివరికి ఒక పంజాబీ జీవితం దగ్గర ఆగాను.

భక్త్ సింగ్ 1903లో నేటి పాకిస్తాన్‌లోని సర్గోధా ప్రాంతపు జోయియా గ్రామంలో, కలిగిన సిక్కు కుటుంబంలో జన్మించాడు. మిషన్ పాఠశాలలో చదువుతున్నప్పుడు బహుమానంగా వచ్చిన బైబిలును చించి, అందమైన తోలు అట్టను మాత్రం దాచుకున్నాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1926లో ఇంజనీరింగ్ విద్యకై లండన్ వెళ్లాడు. అక్కడే కేశాలు, తలపాగా విడిచాడు. తరువాత కెనడాలోని విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుతూ, మిత్రుడిని అడిగి తీసుకున్న కొత్త నిబంధనను చదవసాగాడు. యోహాను సువార్త మూడో అధ్యాయం దగ్గర ఆయన మనసు మారింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ గదిలో పాదిరి లేడు, సంఘం లేదు, ప్రశ్నోత్తరాల పాఠం లేదు. ఉన్నవి ఒక పుస్తకం, ఒక పాఠకుడు. ఆ తరువాతి డెబ్బై ఏళ్లూ ఆయన ఆ గదికి విశ్వాసపాత్రుడిగానే బతికాడని నా అభిప్రాయం.

1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది మరుసటి ఏడాది బొంబాయిలో దిగాడు. విశ్వాసాన్ని గుట్టుగా ఉంచుకొమ్మని, ఇంటి పరువు కాపాడమని తల్లిదండ్రులు కోరారు. ఆయన నిరాకరించి వీధిన పడ్డాడు. కరాచీలో పాకీ పనివారి మధ్య సువార్త ప్రకటించాడు. 1937లో మార్టిన్‌పూర్‌లో జరిగిన ఉజ్జీవ కూటములతో ఆయన పేరు దేశమంతా పాకింది. మరుసటి సంవత్సరం మద్రాసు వచ్చాడు. మొదట మిషన్ సంఘాలే ఆయన్ను పిలిచి వేదిక ఇచ్చాయి. అయితే శిశువుగా పొందిన బాప్తిస్మం చాలదనీ, ఎరిగి నమ్మినవాడే నీట మునగాలనీ వాక్యం చెబుతోందని ఆయన బోధించాడు. సంఘ సంప్రదాయానికీ లేఖనానికీ తేడా వస్తే లేఖనమే గెలవాలన్నాడు. పిలిచిన వేదికలే మూతపడ్డాయి. 1941లో పల్లావరం కొండపై సహచరులతో రాత్రంతా ప్రార్థించి, అదే ఏడు జూలైలో మద్రాసులో యెహోవా షమ్మా సంఘాన్ని ప్రారంభించాడు. తరువాత హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ఆయన సేవకు కేంద్రమైంది.

ఈ తిరుగుబాటును మతసిద్ధాంతపు తగాదాగా మాత్రమే చూస్తే తెలుగునాట దాని బరువు అర్థం కాదు. మిషన్లు ఇక్కడ ప్రాంతాలను పంచుకున్నాయి. ఆ పంపకం కులాల పంపకంగా కూడా మారింది. ఒంగోలు బాప్టిస్టు సంఘంలో మాదిగలు ఎక్కువ, కృష్ణా తీరపు ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఏ సంఘమన్నది ఏ వాడ అన్నదాన్ని బట్టే తేలేది. భక్త్ సింగ్ సంఘాల్లో రొట్టె విరిచే ఆరాధనలో ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు. ఆరాధన ముగిశాక ప్రేమవిందు. చాపల మీద వరుసగా కూర్చుని అందరూ ఒకే వంట తినాలి. వేరు గ్లాసులు చూసి పెరిగిన మా నాయనమ్మకు వేదాంతం అక్కర్లేకపోయింది, ఆ పంక్తే చాలింది. ఏటేటా హెబ్రోను మహాకూటములకు మూట కట్టుకొని బస్సెక్కేది.

అయినా ఆయన తెరవని పుట ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూమతంలో లేని దళితులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు నేటికీ తెరవలేదు. తన విశ్వాసుల్లో ఎందరి బతుకులనో నలిపిన ఆ ఉత్తర్వుపై పోరు భక్త్ సింగ్ సేవలో ఎన్నడూ భాగం కాలేదు. లోకసంబంధమైనదని రాజకీయాన్ని దూరం పెట్టాడు. ఆత్మ చూపును పైకి తిప్పినవాడు ఊరి చెరువును చూడలేదన్నది ఆయనపై నా ఫిర్యాదు. లూథర్ కథా ఇంతే కదా! పోపు అధికారాన్ని లేఖనంతో ధిక్కరించిన అతడే, 1525లో అదే లేఖనం చేతబట్టి వెట్టిచాకిరీ వద్దన్న జర్మన్ రైతులను అణచమని ప్రభువులకు చెప్పాడు. చదివే హక్కు ఇచ్చినవారు చదివినవాడి ఆకలిని ముందుగా ఊహించరు.

నాకిది పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. తొంభైల్లో చేవెళ్ల దగ్గరి ఒక మందిరంలో, పేరెందుకు, యువకుల కూటమిలో గలతీ పత్రిక చదువుతున్నాం. మూడో అధ్యాయం చివర యూదుడికీ గ్రీసు దేశస్థుడికీ, దాసుడికీ స్వతంత్రుడికీ భేదం లేదన్న భాగం వచ్చింది. మరి మన పెద్దలు పిల్లల సంబంధాలు సొంత కులంలోనే ఎందుకు చూస్తున్నారని అడిగాను. సంఘ పెద్ద నన్ను కూర్చోమన్నాడు. అది ఆత్మీయమైన మాట, శరీర సంబంధమైనది కాదన్నాడు. బిషప్ లేని సంఘంలో బిషప్ కుర్చీ ఎక్కడుంటుందో ఆరోజు చూశాను. భక్త్ సింగ్ అటువంటి కుర్చీని కోరుకోలేదు. కానీ వాక్యార్థంపై తుది మాట ఎవరిదన్న ప్రశ్నకు విన్నిపెగ్ గది ఇచ్చే జవాబు వేరు, పెద్దల సభ ఇచ్చే జవాబు వేరు. ఈ రెంటికీ మధ్యనున్న ఎడాన్ని ఆయన తన సంఘాలకే వదిలేశాడు.

చివరి ఏళ్లు వ్యాధితో మంచంలోనే గడిపి, 2000 సెప్టెంబర్ 17న హెబ్రోనులో కన్నుమూశాడు. నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు. మా నాయనమ్మ ఆరోజు మొదటి బస్సుకే వెళ్లింది. నేను వెళ్లలేదు. రాత్రి తిరిగొచ్చాక, నాడు మందిరంలో నేనడిగిన ప్రశ్నను ఆమే ఎత్తింది. ఆ భాగం మళ్లీ చదివి వినిపించమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.