నేల సంగతి అడిగిన సర్జన్: స్టీఫెన్ పాజెట్

రొమ్ములో గడ్డ తీసేశారు, ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి మూడేళ్లకు అదే జబ్బు కాలేయంలోనో వెన్నెముకలోనో ఎలా వచ్చింది? మన సంఘం సభ్యుల ఇళ్లలో ఈ ప్రశ్న మేము చాలాసార్లు విన్నాం. కత్తి తగిలింది కాబట్టే పాకిందని డాక్టరును తిట్టుకునేవారూ ఉన్నారు. ఈ ప్రశ్నకు సరైన దారి చూపినాయన 1889లో లండన్‌లో ఉండిన స్టీఫెన్ పాజెట్.

ఆయన 1855లో పుట్టారు. తండ్రి సర్ జేమ్స్ పాజెట్ విక్టోరియా రాణికి సర్జన్. ఎముకల జబ్బు ఒకదాన్ని, రొమ్ము జబ్బు ఒకదాన్ని నేటికీ ఆ తండ్రి పేరుతోనే పిలుస్తారు. అంత పెద్ద చెట్టు నీడన పెరిగిన కొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తండ్రి పనిచేసిన సెయింట్ బార్తలోమ్యూస్ ఆస్పత్రిలోనే వైద్యం నేర్చుకుని తానూ సర్జన్ అయ్యారు.

క్యాన్సర్ కణాలు రక్తంలో కొట్టుకుపోయి, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ పెరుగుతాయని అప్పట్లో చాలామంది అనుకునేవారు. పాజెట్‌కు అది నచ్చలేదు. ఆయన కొత్త యంత్రమేమీ తేలేదు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల రికార్డులు ముందేసుకుని లెక్క కట్టారు. 241 మందికి కాలేయంలో జబ్బు కనబడింది. ప్లీహంలో కనబడింది 17 మందికే. ప్లీహానికి రక్తం తక్కువేమీ వెళ్లదు. అంతా కాకతాళీయమైతే ఇంత తేడా ఉండకూడదు. విత్తనాలు అన్ని వైపులకూ పోతాయి గాని, తమకు సరిపడే నేల మీద పడినవే మొలుస్తాయని ఆయన తేల్చారు. ఈ ఊహ తనకన్నా ముందు ఫుక్స్ అనే కంటి వైద్యునికి వచ్చిందని దాచకుండా రాశారు. విత్తనాన్ని పరిశోధించేవారు పండితులని, రికార్డులు తిరగేసే తాను వట్టి దుక్కి దున్నేవాణ్ణని చెప్పుకున్నారు. ఉద్యోగమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన మా వంటివారికి ఈ మాట ప్రత్యేకంగా నచ్చుతుంది. తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లో స్థిరపడిన మన రైతు కుటుంబాలకైతే నేల మారితే పంట మారుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన అన్నీ సరిగానే చెప్పారని కాదు. గుండె గాయాల దగ్గర సర్జన్ చేతులెత్తేయాల్సిందేనన్న అర్థంలో 1896లో ఒక పుస్తకంలో రాశారు. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రెన్ ఒక మనిషి గుండెకు కుట్లు వేసి బతికించారు! తర్వాత పాజెట్ కత్తి పక్కనబెట్టి కలం పట్టారు. తండ్రి జీవితచరిత్ర తెచ్చారు. 1908లో, వైద్య పరిశోధనలో జంతువులపై ప్రయోగాలను సమర్థించే సంఘం స్థాపించారు. 1926లో కన్నుమూశారు.

ఆయన పోయిన రెండేళ్లకే అమెరికాలో జేమ్స్ యూయింగ్, జబ్బు ఎక్కడికి పాకాలో రక్తనాళాల దారే నిర్ణయిస్తుందని వాదించారు. పేరున్న మనిషి కావడంతో ఆ మాటే చాలాకాలం చెల్లింది. 1980లో హార్ట్, ఫిడ్లర్ అనేవారు ఎలుకల్లో ఊపిరితిత్తి ముక్కను, అండాశయం ముక్కను, మూత్రపిండం ముక్కను అతికించి, రక్తంలోకి క్యాన్సర్ కణాలు వదిలారు. మొదటి రెండింటిలో గడ్డలు లేచాయి. మూత్రపిండం ముక్కలో లేవలేదు. పాజెట్ మాట మళ్లీ నిలబడింది.

నేల అంటే దూరపు అవయవమే కాదు, గడ్డ చుట్టూ ఉన్న కండ, పీచు, రక్తనాళాలు కూడా. గడ్డ పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. ఊపిరాడని కణాల్లో కొన్ని చస్తాయి, కొన్ని మొండికేస్తాయి. వాటిలో హిఫ్ అనే ప్రోటీన్ పేరుకుని, కొత్త రక్తనాళాలను రప్పిస్తుంది, కణాలు గడ్డను వదిలి కదలడానికి తోడ్పడుతుంది. ఆ కణాలు వదిలే ఒక ఎంజైము చుట్టూ ఉన్న పీచును బిగిస్తుంది, ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లను కూడా ముందే అనువుగా మారుస్తుందని ఎలుకల ప్రయోగాల్లో తేలింది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత, ముట్లు ఆగిన కొందరు స్త్రీలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాస్తుంటారు. ఎముకల మందు మాకెందుకని కొందరు మధ్యలో మానేస్తున్నారు. ఆ మందు ఎముక అరుగుదలను ఆపుతుంది, ఎముకలో జబ్బు మళ్లీ మొలిచే అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది. మానేముందు మీ డాక్టరును ఒక్కసారి అడగండి.