కీర్తనకారుడైన విలియమ్ కౌపర్‌గారి వ్యాధి



కీర్తనలు వ్రాసిన భక్తుల చరిత్రలలో వారి జయములే చెప్పుట వాడుక. కౌపర్‌గారి చరిత్ర అట్లు చెప్పుటకు వీలుపడదు. ఆయన మతి చెదరిన దినములను తీసివేసినయెడల మిగులునది కొంచెమే.

ఈయన 1731లో ఇంగ్లండునందు ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టెను. ఆరవ యేట తల్లిని పోగొట్టుకొనెను. పెద్దవాడై న్యాయశాస్త్రము చదివెను. 1763లో ప్రభువుల సభయందు ఉద్యోగము దొరకబోవుచుండగా, సభవారి యెదుట పరీక్షకు నిలువవలెనను భయముచేత మనస్సు చెదరి, ప్రాణము తీసికొన యత్నించెను.

ఆ కాలమున లండనులో బెత్లెహేము అను పిచ్చివారి ఆస్పత్రి యుండెను. జనులు సెలవు దినములలో రోగులను వేడుక చూచుటకై అక్కడికి పోవుచుండిరి. 1770 వరకు దానికి అడ్డు లేకుండెను. ఆ ఆస్పత్రి పేరు ఇంగ్లీషు భాషలో గందరగోళమునకు మారుపేరైనది. మనవారును ఎర్రగడ్డ పేరెత్తి ఒకరినొకరు ఎగతాళి చేయుదురు గదా! ఆ మాట వినుచున్నవారిలో ఎవరి యింట రోగి యున్నాడో ఎవరెరుగుదురు?

కౌపర్‌గారి తమ్ముడు ఆయనను సెయింట్ ఆల్బన్సులో డాక్టరు కాటన్‌గారి వైద్యశాలలో చేర్చెను. కాటన్‌గారు దయగల విశ్వాసి. అక్కడనే 1764లో రోమా పత్రిక 3:25 చదువుచు కౌపర్‌గారు నెమ్మది పొందెను. వైద్యశాలలోనే రక్షణానందము దొరకెనని మేము మరియొకసారి చెప్పుచున్నాము.

పిమ్మట అన్విన్‌గారి కుటుంబము ఆయనను తమ యింట చేర్చుకొనెను. ఇంటి యజమాని చనిపోగా, 1767లో మేరీ అన్విన్‌గారితో కూడ ఓల్నీ అను ఊరికి వచ్చెను. మన నరసాపురపు స్త్రీలవలె లేసు అల్లి బ్రదుకు బీదలు అక్కడ అనేకులు. ఆ ఊరి పాదిరి జాన్ న్యూటన్‌గారు, మునుపు బానిసల ఓడకు కప్తాను. వీరిరువురు కలిసి వ్రాసిన 348 కీర్తనలు 1779లో అచ్చుపడెను. వాటిలో 60కి పైగా కౌపర్‌గారివి.

అయితే 1773లోనే వ్యాధి తిరిగి వచ్చెను. దేవుడు తనను త్రోసివేసెనని, ప్రార్థించుటకు తనకు హక్కు లేదని ఆయన నమ్మెను. దేవాలయమునకు పోవుట మానెను. తినబోవు అన్నములో విషమున్నదని, మేరీగారే తన్ను ద్వేషించుచున్నారని అనుకొనెను. అయినను ఆమె చేతి ఉపచారమే కావలెను! న్యూటన్ దంపతులు ఆయనను పాదిరి బంగళాలో ఒక సంవత్సరము పైగా ఉంచుకొనిరి. అది తేలిక పని కాదు. అయినను ఆయన దేవుని బిడ్డ కాడని న్యూటన్‌గారు ఎన్నడును తలంచలేదు.

బదరీ వృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దూత గద్దింపలేదు, రొట్టెయు నీళ్లును ఇచ్చి నిద్రపోనిచ్చెను (1 రాజులు 19). మన గ్రామములలో ఇట్టివారికి దొరకునదేమి? గొలుసు, వేపమండ, దాచిన పాపము ఒప్పుకొమ్మను బలవంతము. ఇంటి ఆడపిల్లలకు సంబంధములు తప్పిపోవునని రోగిని వెనుక గదిలో దాచుదురు. జ్వరమునకు ఆస్పత్రికి పోవువారు దీనికేల పోరాదు?

భక్తియే కౌపర్‌గారికి పిచ్చి పట్టించెనని కొందరు వ్రాసిరి. అది న్యాయము కాదు. మొదటి వ్యాధి ఆయన మారుమనస్సుకంటె ముందే వచ్చినది.

నెమ్మదిగా కోలుకొనుచు ఆయన మూడు కుందేళ్లను పెంచెను, తోటపని చేసెను. 1785లో ఆయన గొప్ప కావ్యము వెలువడెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా పద్యములు వ్రాసెను. ఇవన్నియు తాను త్రోసివేయబడితినని నమ్ముచునే చేసెను. మేరీగారికి పక్షవాతము వచ్చినప్పుడు ఆయన ఆమెకు పరిచర్య చేసెను. ఆమె 1796లో మృతినొందెను. ఆయన 1800 ఏప్రిల్ 25న, ఆ భయము తీరకయే, ఈస్ట్ డెరెహాములో కన్నుమూసెను. ఆ ఊరి దేవాలయములోపలనే ఆయనను సమాధి చేసిరి. మేరీగారి సమాధియు అక్కడనే యున్నది.