అత్తిపత్తి కబురు వెంట జగదీశ్ చంద్ర బోస్

అత్తిపత్తి మొక్క (ఉర్దూలో ఛుయీముయీ) ముట్టుకుంటే ముడుచుకుంటుందని పిల్లలందరికీ తెలుసు. కానీ ఒక ఆకుకి సెగ తగిలితే, ఎవరూ ముట్టని దూరపు ఆకులు కూడా వాలిపోతాయి. ఆ కబురు అక్కడిదాకా ఎలా వెళ్లింది? జగదీశ్ చంద్ర బోస్ జీవితంలో చాలా ఏళ్లు ఈ ప్రశ్నతోనే గడిచాయి.

ఆయన 1858లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ప్రాంతంలో పుట్టారు. తండ్రి పెద్ద ఉద్యోగి అయినా కొడుకుని ఇంగ్లీషు బడికి పంపలేదు, బెంగాలీ బడిలో వేశారు. అక్కడ ఒకపక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు, మరోపక్క జాలరి కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, జలచరాల గురించి వాళ్లు చెప్పిన ముచ్చట్లే తనకి ప్రకృతి మీద ఆసక్తి కలిగించాయని బోస్ పెద్దయ్యాక గుర్తుచేసుకున్నారు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. తెల్లవాళ్ల కంటే తక్కువ జీతం ఇస్తామంటే మూడేళ్లు జీతమే ముట్టలేదు, పాఠాలు మాత్రం ఆపలేదు. చివరికి బకాయితో సహా పూర్తి జీతం ఇచ్చారు. ఆ పట్టుదలే సైన్సులోనూ కనిపిస్తుంది. మొక్కల్లో కూడా జంతువుల నరాల్లో లాగా విద్యుత్ సంకేతాలు నడుస్తాయని 1901లో లండన్‌లో ప్రయోగం చేసి చూపిస్తే, అక్కడి పెద్దలు ఒప్పుకోలేదు. ఆయనా తగ్గలేదు. 1917లో కలకత్తాలో సొంత పరిశోధనాలయం పెట్టారు. 1920లో అదే లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది.

అయితే ఒకచోట ఈ పట్టుదలే అడ్డం వచ్చింది. 1916లో ఇటలీ శాస్త్రవేత్త ఉబాల్డో రిక్కా అత్తిపత్తి కాండాన్ని కోసి, ఆ రెండు ముక్కల మధ్య నీళ్లు నింపిన గొట్టం పెట్టాడు. కింది ముక్కకి దెబ్బ తగిలినా పైన ఆకులు ముడుచుకున్నాయి. అంటే ఏదో రసాయనం నీళ్లలో కలిసి పైకి వెళ్తోందన్నమాట. బోస్ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు, విద్యుత్ మాటే పట్టుకున్నారు. 1937లో కన్నుమూసే నాటికీ ఈ తగువు తెగలేదు.

నిజానికి ఇద్దరి మాటలోనూ పస ఉంది. పురుగు ఆకుని కొరికినప్పుడు దెబ్బతిన్న కణాల నుంచి గ్లూటమేట్ అనే రసాయనం బయటికొస్తుందని, దాంతో కాల్షియం అలలా లేచి నిమిషాల్లోనే దూరపు ఆకులకి చేరుతుందని 2018లో జపాన్, అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ అలతోపాటే విద్యుత్ సంకేతం కూడా నడుస్తుంది. కబురు అందిన ఆకులు జాస్మోనేట్ అనే హార్మోన్ తయారుచేసుకుని, పురుగుని ఎదుర్కోడానికి సిద్ధమవుతాయి.

అత్తిపత్తి మీద 2022లో జపాన్‌లో ఇంకో పని జరిగింది. ఆకులు ముడుచుకోలేని మొక్కల్ని తయారుచేసి మిడతల ముందు పెట్టారు. మామూలు అత్తిపత్తి కంటే వాటినే మిడతలు ఎక్కువ తినేశాయి.