పచ్చిక పెంచిన పదేళ్లు

మా చంద్రగిరిలో ఫుట్‌బాల్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది సైకిల్ షాపు. బంతిలో గాలి దిగిపోతే నలుగురైదుగురం దాన్ని చంకన పెట్టుకుని అక్కడికి పరిగెత్తేవాళ్లం. షాపు మామ సూదిని నోట్లో పెట్టుకుని తడి చేసి, వాల్వులోకి మెల్లగా దించి, పంపు మీద కాలేసి నాలుగు పోట్లు పొడిచేవాడు. బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, "సాల్లే, ఇంకా కొడితే పగిలిపోతాది" అని మా మీదికి విసిరేవాడు. దుడ్లు అడిగేవాడు కాదు. "గెలిస్తే ఇయ్యండ్రా" అనేవాడు. మేం ఎప్పుడూ గెలవలేదు. ఆ బాకీ అట్లాగే ఉండిపోయింది.

గెలవకపోవడానికి కారణం మా చేతకానితనం కొంత, స్వర్ణముఖి కొంత. వేసవిలో ఏరు ఎండితే ఆ ఇసకే మా మైదానం. ఇసకలో బంతి దొర్లదు. పక్కనోడికి పాసిస్తే సగం దారిలో ఊపిరి పోయినట్టు నిలబడిపోతుంది. అందుకని మాకు గాల్లోకి తన్నడమే తప్ప నేల మీద ఆట రాలేదు. తిరుపతికి పోయి గట్టి నేల మీద ఆడిన రోజు, బంతి మాకంటే ముందు పరిగెత్తుతుంటే నోళ్లు తెరుచుకుని చూశాం. కోచ్ నేర్పే పాఠం తర్వాత సంగతి, మొదటి పాఠం కాళ్ల కింద నేల చెబుతుందని ఆవేళే తెలిసింది.

ఈ పాత సంగతంతా ఇప్పుడెందుకంటే, ఆ నేల సంగతి తెలిసి దానికే ఖర్చు పెట్టిన ఒక తెలుగు క్లబ్బుకు పదేళ్లు నిండాయి. శ్రీనిధి దక్కన్ ఫుట్‌బాల్ క్లబ్ 2015లో పుట్టింది. హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర సొంత క్యాంపస్, అందులో సొంత స్టేడియం, పక్కనే పిల్లల అకాడమీ. చిలుకూరు బాలాజీ దర్శనానికి పోయే దారి అది. మా కొండ సామి అక్కడ కూడా పక్కనే ఉన్నాడు కాబట్టి వాళ్లను మావాళ్లనుకోవడానికి నాకు అభ్యంతరమేమీ కనిపించలేదు. చంద్రగిరి కోట నీడలో కూర్చుని ఈ నాలుగు అభినందన మాటలు రాస్తున్నాను.

వాళ్లు మొదలుపెట్టిన వరస చూడండి. మనదేశంలో క్లబ్ అనగానే ముందు పేరు, జెర్సీ, తర్వాత ఒక విదేశీ ఆటగాడు, ఆ తర్వాత అద్దె స్టేడియం వస్తాయి. పిల్లల జట్టు ఎప్పుడో, కాగితం మీద చూపించాల్సి వచ్చినప్పుడు వస్తుంది. శ్రీనిధి ఈ పట్టిక తిరగేసింది. విద్యాసంస్థల లోగిట్లో పుట్టిన క్లబ్ కాబట్టి కుర్రాళ్లతోనే మొదలుపెట్టి, జాతీయ యూత్ లీగుల్లో వాళ్లను ఆడించి, పెద్దల జట్టు సంగతి తర్వాత చూసుకుంది. అది జాతీయ లీగు ఐ-లీగ్‌లో అడుగుపెట్టేసరికి 2021 వచ్చింది. ఆరేళ్లు! మన సినిమా హీరోల వారసులు కూడా ఇంతకాలం ఆగరు.

ఆ ఐ-లీగ్ ప్రవేశంలోనూ ఒక తమాషా ఉంది. మొదట వీళ్లకు చోటు దొరికింది విశాఖపట్నం పేరు మీద. ఆంధ్ర తీరం నుంచి ఒక క్లబ్ జాతీయ లీగులో ఆడబోతోందని మేం సంబరపడేలోపే దక్కన్ అన్న మాట తగిలించుకుని హైదరాబాద్‌లో స్థిరపడిపోయారు. ఆ విషయంలో నాకు కొంచెం అలక ఉంది, దాచను. పండగ పూట అలకలు బయటపెట్టడం మా వైపు మర్యాదే.

మొదటి సీజన్ 2021-22లో సొంత మైదానం అన్న ముచ్చటే లేదు. కరోనా కట్టడిలో లీగు మొత్తాన్ని కోల్‌కతా, కల్యాణి వైపే ఆడించారు. కొత్త జట్టు, పరాయి ఊరు, బబుల్‌లో బతుకు, అయినా మూడో స్థానం. మరుసటి ఏడాది దక్కన్ ఎరీనా తలుపులు తెరుచుకున్నాయి. కూర్చునే చోటు సుమారు పదిహేను వందల మందికే. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియం పక్కన పెడితే అది ఒక పెళ్లిమంటపం అంత. కానీ సొంతం. రేపు ఏ రాజకీయ సభ ఉందో, ఏ సంగీత విభావరికి స్టేజీ కడుతున్నారో, గుంజలు పాతిన గుంతలు ఎవరు పూడుస్తారో అని ఎదురుచూడక్కర్లేదు. మా వైపు పిల్లల్ని అడగండి, ఆ గుంతల్లో మడమ మెలిక పడని ఆటగాడు దొరకడు.

స్టేడియం కట్టడం ఒక ఎత్తు, పచ్చిక పెంచడం ఒక ఎత్తు. దక్కన్ ఎండల్లో పచ్చికను బతికించడం వరి మడిని చూసుకున్నట్టే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తక్కువైతే నేల బీటలు వారుతుంది. కోత కొంచెం పొడుగ్గా వదిలితే బంతి నెమ్మదిస్తుంది, మరీ పొట్టిగా కోస్తే పచ్చిక మాడుతుంది. మ్యాచ్ ముందు తడిపితే పాస్ జారుతూ పోతుంది. పెద్ద క్లబ్బుల మైదానాల్లో విరామంలో కూడా నీళ్లు చల్లేది అందుకే. పూర్తి కొలత మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు ఎకరం ముప్పాతిక. అంత పచ్చికను ఏడాది పొడుగునా కంటికి రెప్పలా కాచేవాడి పేరు స్కోరుకార్డులో ఉండదు. ఈ పదేళ్ల పండక్కి ఒక శాలువా మిగిలితే ముందు ఆ నీళ్లు పెట్టినవాడికి కప్పండి.

ఇక కప్పుల లెక్క. 2022-23లో రెండో స్థానం. ముందున్న రౌండ్‌గ్లాస్ పంజాబ్‌కు 52 పాయింట్లు, వీళ్లకు 42. ఐ-లీగ్ గెలిస్తే పై మెట్టు లీగైన ఐఎస్ఎల్‌లోకి తలుపు తెరిచిన మొదటి ఏడాది అది, పంజాబ్ వెళ్లిపోయింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఈసారి తేడా నాలుగే పాయింట్లు: మహమ్మదన్ స్పోర్టింగ్‌కు 52, మనవాళ్లకు 48. 2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో మహమ్మదన్ 2-1తో గెలిచి కప్పు ఖాయం చేసుకున్నప్పుడు, ఇక్కడ టీ కొట్టు దగ్గర ఫోన్లో చూస్తున్న మా వాడొకడు గ్లాసు కింద పెట్టి, "రెండుసార్లూ గడప కాడికి పోయి యెనక్కొచ్చేసినారు గదన్నా" అన్నాడు. నిజమే. గడప దాటనివాళ్లను అభినందించడమేమిటని అడిగేవాళ్లూ ఉంటారు.

వాళ్లకు అదే హైదరాబాద్ నుంచి ఇంకో కథ చెబుతాను. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చింది. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. తెలుగునాట ఫుట్‌బాల్ మళ్లీ లేచిందని మేమంతా చిందులేశాం. మూడున్నరేళ్లు తిరిగేసరికి ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరే మారిపోయింది. గచ్చిబౌలిలో ఆ జట్టు ఆడినదంతా ప్రభుత్వ స్టేడియంలో. ఆ క్లబ్బును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కష్టాలు ఎవరికైనా వస్తాయి. కానీ కప్పు సూట్‌కేసులో పడుతుంది. అజీజ్‌నగర్ పచ్చికను ఏ సూట్‌కేసులో పెట్టుకుని పోతారు?

హైదరాబాద్‌కు ఈ ఆటలో ఉన్న పాత ఆస్తి తక్కువేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా నాటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది, 1963లో పోయారు. నాకు ఈ పతకాలకన్నా ఆయన పెట్టిన చిత్రమైన పోటీలు ఇష్టం. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని ఒక టోర్నమెంట్. బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకోకుండా తగలగానే వదిలేయాలని ఇంకొకటి. పిల్లలకు ఆటగా కనిపిస్తుంది, లోపల పాఠం దాగి ఉంటుంది. బడిపంతులు తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ ఉపాయం!

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సాధనకు రావాలంటే అద్దె సైకిలుకు డబ్బుల్లేక ఆగిపోతుంటే, రహీమ్ సాబే ఆ అద్దె ఇచ్చాడని చెబుతారు. ఆ సైకిలు ఎక్కిన కుర్రాడు మెల్బోర్న్ దాకా, జకార్తా దాకా వెళ్లాడు. మళ్లీ సైకిలు దగ్గరికే వచ్చానని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ రోజు అకాడమీల్లో హాస్టలు, బస్సు, మంచి తిండి, చదువు అని లెక్కరాసే ఖర్చంతా ఆనాటి సైకిలద్దెకు పెద్దరూపమే. కుర్రాడికీ మైదానానికీ మధ్య దూరాన్ని ఎవరో ఒకరు భరించాలి.

ప్రపంచమూ ఈ సంగతి ఆలస్యంగానే తెలుసుకుంది. బార్సిలోనా క్లబ్ తన స్టేడియం పక్కన ఉన్న పాత రైతు ఇంటిని 1979లో కుర్రాళ్ల వసతిగృహం చేసింది. లా మాసియా అంటే రైతు ఇల్లనే అర్థం. 2010లో ప్రపంచ ఉత్తమ ఆటగాడి పురస్కారానికి చివరిదాకా నిలిచిన ముగ్గురూ, మెస్సీ, ఇనియెస్తా, షావీ, ఆ క్లబ్ కుర్రాళ్ల జట్లలో పెరిగినవాళ్లే. నాటిన తర్వాత కాపుకు ముప్ఫై ఏళ్లు పట్టిందన్నమాట. మా వైపు మామిడి తోట పెట్టేవాడికి కూడా అంత ఓపిక ఉండదు.

అదే బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా సీమకొచ్చి అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టాడు. ఆ ట్రస్టు కట్టిన అనంతపురం క్రీడాగ్రామంలో పల్లె పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ అక్కడికి వచ్చినప్పుడు దేశమంతా ఆ మైదానాన్ని చూసి ఇది అనంతపురమా అని ఆశ్చర్యపోయింది. మాకు ఆశ్చర్యం లేదు. కరువు సీమలోనూ నీళ్లు పెట్టేవాడుంటే పచ్చిక మొలుస్తుంది.

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఇప్పుడు క్లబ్బులకు లైసెన్సు ఇచ్చేముందు అయిదు విషయాలు చూస్తుంది: ఆట, వసతులు, సిబ్బంది, చట్టం, డబ్బు. ఆట అన్న మొదటి గడిలోనే వయసులవారీ పిల్లల జట్లు ఉన్నాయా అని అడుగుతుంది. చాలామందికి ఇది తలనొప్పి కాగితం. శ్రీనిధివాళ్లకు అది వాళ్లు పుట్టిన రోజునే రాసుకున్న జాతకం. క్లబ్ అధినేత కె.టి. మహీ గారికి, కోచ్‌లకు, వంటవాళ్లకు, బూట్లు ఎండబెట్టేవాళ్లకు, తెల్లారకముందే లేచి కోన్ల మధ్య పరిగెత్తే కుర్రాళ్లకు పదేళ్ల పండగ శుభాకాంక్షలు.

అభినందనతో పాటు ఒక అర్జీ కూడా. విశాఖ పేరు మీద మాకు బాకీ పడ్డారు కదా, మా పిల్లల్ని ఒక్కసారి వచ్చి చూడండి. శ్రీనివాసమంగాపురం దాటాక శ్రీవారి మెట్టు ఉంది, 2388 మెట్లు. మా కుర్రాళ్లు అవి ఎక్కి, దిగి, తిరిగొచ్చి బంతి తీసుకుంటారు. ఊపిరికి కొదవలేదు, కాళ్లకు కొదవలేదు, నేల మీద పాస్ ఇవ్వడమే రాదు. పదమూడేళ్ల లోపు పిల్లల జట్టునొకదాన్ని మీ కోచ్‌తో సహా చంద్రగిరికి పంపండి. రాజమహల్ చూపిస్తాం, రాగి సంగటి పెడతాం, పెద్దలకు నాటుకోడి పులుసు పోస్తాం. గెలుపోటముల సంగతి ముందే మాట్లాడుకోవద్దు. మావాళ్లు గెలిస్తే మాత్రం నాకొక పని ఉంది: బస్టాండు దగ్గరికి పోయి, ఆ సైకిల్ షాపు ఇంకా ఉంటే, నలభై ఏళ్ల గాలి డబ్బులు కట్టి రావాలి.