కెల్విన్ ప్రభువు: కడలి క్రింది తంతి

చేయు పని ఆలస్యమగుచున్నపుడు మనుష్యునకు రెండు విధములైన ఆలోచనలు తోచును. మరింత బలము పెట్టి పనిని ముందునకు నెట్టుదమనునది మొదటిది. ఆలస్యము ఏ చోట పుట్టుచున్నదో కొలిచి తెలిసికొందమనునది రెండవది. మొదటి త్రోవ సులభముగా కన్పట్టును గాని పెక్కుమారులు చేటు తెచ్చును. రెండవ త్రోవకు ఓర్పు కావలెను. ఆ రెండవ త్రోవను నడచి మహాసముద్రము క్రింద వార్తలు వడిగా పోవునట్లు చేసిన మహనీయుడు విలియం థామ్సన్. ఆయనయే పిమ్మట కెల్విన్ ప్రభువను పేర ప్రసిద్ధి కెక్కెను. నేడు పెక్కు ఇండ్లలో రెండేసి కంప్యూటర్లున్నవి. ఒకదానినుండి మరియొకదానికి ఫైలు పంపునపుడు అది నత్తనడక నడచుట పలువురకు అనుభవమే. ఆ చిక్కును విప్పుటకు కూడ ఈ మహనీయుని చరిత్ర తోడ్పడునని తలచి, దానిని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థామ్సన్ గణితోపాధ్యాయుడు. విలియమునకు ఆరేండ్ల ప్రాయమున తల్లి గతించెను. 1832లో తండ్రికి స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభింపగా కుటుంబమంతయు అచటికి తరలెను. తండ్రి తన బిడ్డలకు తానే చదువు చెప్పెను. అందుచే విలియము పదియేండ్లకే విశ్వవిద్యాలయ తరగతులలో కూర్చుండగలిగెను.

పిల్లలు పరభాషలు కూడ నేర్వవలెనని తండ్రి 1839లో వారిని పారిస్ నగరమునకును, 1840లో జర్మనీ దేశమునకును తీసికొనిపోయెను. జర్మనీలో నున్నన్నాళ్ళు తక్కిన చదువులు మాని ఆ దేశభాషనే నేర్వవలెనని తండ్రి నియమము. కాని విలియము ఫూరియే అను ఫ్రెంచి పండితుడు ఉష్ణమును గూర్చి వ్రాసిన గ్రంథమును వెంట తెచ్చుకొని, ఇంటి నేలమాళిగలో కూర్చుండి రహస్యముగా చదివెను. ఒక లోహపు కడ్డీ కొనను వేడిచేసినచో ఆ వేడిమి రెండవ కొనకు ఎట్లు, ఎంత కాలములో ప్రాకునో ఆ గ్రంథము గణితముతో తెలుపును. ఇంట తెలుగును, వీధిలో వేరొక భాషను, బడిలో ఇంగ్లీషును వాడు మన పిల్లలకు ఒక విషయము ఇచట చెప్పవలసి యున్నది. ఆ బాలుడు మరియొక భాషలో సంపాదించుకొన్న జ్ఞానమే పదునాలుగేండ్ల పిమ్మట ఆయన కీర్తికి మూలమయ్యెను.

1841లో కేంబ్రిడ్జి చేరి, 1845లో గణిత పరీక్షయందు రెండవవాడుగా ఉత్తీర్ణుడై, మరుసటి యేడు గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరములు మాత్రమే. ఆ పదవిలో 53 సంవత్సరములు నిలిచెను. ఆ రోజులలో విద్యార్థులు ప్రయోగములను దూరమునుండి చూచుటయే గాని చేతితో చేయుట అరుదు. థామ్సన్ కళాశాలలో పాడుపడిన సారాయి కొట్టు నొకదానిని ప్రయోగశాలగా మార్చి, అందు విద్యార్థుల చేతనే కొలతలు కొలిపించెను.

ఇక తంతి సంగతి. స్తంభములపై కట్టిన తీగలలో సంకేతములు చుఱుకుగా పోవుచుండెను. అదే తీగకు గట్టాపెర్చా అను చెట్టుబంక తొడుగు వేసి సముద్రమున దించగా, సంకేతము ఆలస్యముగా చేరుటయే గాక సాగిపోయి ఒకదానితో నొకటి కలిసిపోవుచుండెను. దీనికి కారణమేమన్న ప్రశ్న 1854లో థామ్సన్ ఎదుటికి వచ్చెను. లోహపు కడ్డీలో వేడిమి ప్రాకినట్లే ఈ తీగలో విద్యుత్తు ప్రాకుచున్నదని ఆయన గ్రహించి, ఫూరియే గణితమునే దీనికి ప్రయోగించెను.

మన పల్లెలలోని కాలువను తలచుకొన్నచో ఈ విషయము సుబోధమగును. ఎండిన కాలువకు తూమెత్తినపుడు తొలి నీరు ఇసుకను తడుపుటకే చెల్లును. కాలువ నిండిన పిమ్మటగాని చివరి పొలమునకు నీరందదు. తూము మూసినను కాలువలోని నీరు వెంటనే తీయదు. సముద్రపు తీగయు నట్టిదే. తీగయొక్క నిరోధము విద్యుత్తును అడ్డగించును. తొడుగు కొంత విద్యుత్తును పట్టి నిలుపును. తీగ పొడవు రెట్టింపైనచో ఈ రెండును రెట్టింపగును గనుక ఆలస్యము నాలుగు రెట్లగును. పొడవు మూడింతలైన తొమ్మిది రెట్లు. 1855లో ప్రకటితమైన ఈ విషయమే వర్గ సూత్రము. రాగిని లావు చేయుట, తొడుగును మందము చేయుట అను రెండే దీనికి నివారణోపాయములని థామ్సన్ తేల్చెను.

1856లో ఐర్లండునుండి అమెరికా ఖండము దాక తంతి వేయుటకు 3,50,000 పౌనుల మూలధనముతో అట్లాంటిక్ టెలిగ్రాఫు కంపెనీ ఏర్పడెను. దాని విద్యుత్ నిపుణుడు వైట్‌హౌస్ అనునతడు, వృత్తిచే శస్త్రవైద్యుడు. అతడు వర్గ సూత్రమును కొట్టివేసి, సన్నని తీగయే చాలునని వాదించెను. థామ్సన్ కంపెనీ డైరెక్టర్లలో నొకడయ్యెను గాని, అప్పటికే సన్నని తంతికి ఒప్పందములు జరిగిపోయినవి. ఆయన ఊరకుండక ఆ రాగిని తన ప్రయోగశాలకు తెచ్చి కొలిపించెను. చూపునకు ఒక్కటిగానే కనుపట్టు రాగి తీగలలో కొన్ని విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయుచుండగా, కొన్ని అందులో సగము మాత్రమే ప్రసరింపజేయుచుండెను. లోపము రాగిలోని కల్తీలో నున్నది. నాటినుండి రాగిని పరీక్షించి కొనవలెనను నియమము క్రమముగా అమలునకు వచ్చెను.

1857 ఆగస్టులో చేసిన తొలి యత్నమున తంతి తెగి సముద్రము పాలయ్యెను. 1858లో ఆరోగ్య కారణము చెప్పి వైట్‌హౌస్ ఓడ నెక్కడయ్యెను. థామ్సన్ జీతము పుచ్చుకొనకయే అగమెమ్నాన్ అను ఓడపై పయనమయ్యెను. జూన్ మాసమున ఘోరమైన తుఫాను పట్టి ఓడ మునుగునంత పనియయ్యెను. నడిసముద్రమున నయాగరా అను అమెరికా ఓడతో కలిసికొని తంతి కొనలను అతికిరి. అది మరల మరల తెగెను. తుదకు ఆగస్టు 5వ తేదీన రెండు కొనలును రెండు తీరములను చేరెను. ఇరుదేశముల ప్రజలును ఉత్సవములు చేసిరి.

కాని తంతి నడక మిక్కిలి మందముగా నుండెను. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన సందేశమున నున్నవి 98 మాటలు. అవి చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. అనగా మాటకు ఇంచుమించు పది నిమిషములు! వైట్‌హౌస్ ఉపకరణములు ఆ సంకేతములను పట్టలేకపోయెను. థామ్సన్ నిర్మించిన అద్దపు గాల్వనోమీటరు మాత్రము పట్టగలిగెను. పట్టుదారమునకు వ్రేలాడు చిన్న అద్దము, దాని వెనుక చిన్న అయస్కాంతములు, అద్దముపై పడి దూరపు కొలబద్దపై ప్రతిఫలించు దీపకాంతి, ఇంతే ఆ సాధనము. విద్యుత్తు ఎంత క్షీణమైనను అద్దము కదలగా, ఆ కదలిక వెలుగు చుక్కలో పెద్దదై కన్పడును. పంపువాడు గట్టిగా అరువనక్కరలేదు, వినువాని చెవి సూక్ష్మమైన చాలునని ఆయన భావము.

వైట్‌హౌస్ దీనికి విపరీతముగా నడచెను. మందగించిన తంతిని వడిచేయదలచి సుమారు 2,000 వోల్టుల విద్యుత్తును దానిలోనికి త్రోసెను. గట్టు బలహీనముగా నున్న కాలువకు వరద వదలినట్లయ్యెను. తయారీలోనే లోపములున్న తొడుగు ఈ దెబ్బకు మరింత చెడెను. సెప్టెంబరు మొదటి వారమునకు వార్తలు నిలిచిపోయినవి. మూగవోవుటకు ముందు ఆ తంతి చేసిన మేలొకటి కలదు. భారతదేశపు తిరుగుబాటు కారణముగా కెనడానుండి తరలిరమ్మన్న రెండు పటాలములకు, ఇక రానక్కరలేదను ఆజ్ఞ దానిపై పోయి ప్రభుత్వమునకు 50,000 పౌనుల వ్యయము తప్పించెనందురు. తంతివలన కలుగు ప్రయోజనమును, దానిని పోగొట్టుకొనుటవలన కలిగిన నష్టమును జనులకు ఒక్క మాసములోనే తెలియవచ్చెను.

1859 మొదలు 1861 వరకు ఒక సంఘము ఈ వైఫల్యములను విచారించెను. థామ్సన్ మతమే నిలిచెను. క్రొత్త తంతిలో సముద్రపు మైలునకు రాగి 107 పౌనులనుండి 300 పౌనులకును, గట్టాపెర్చా 261 పౌనులనుండి 400 పౌనులకును పెంచిరి. 1865లో గ్రేట్ ఈస్టరన్ అను మహానౌక దానిని వేయుచుండగా రెండు మైళ్ళకు మించిన లోతున తెగెను. 1866 జూలై 27వ తేదీన వేరొక తంతి క్షేమముగా దరిచేరెను. పిమ్మట 1865 నాటి తంతిని కూడ గాలముతో పైకెత్తి పూర్తిచేసిరి. ఇప్పుడు నిమిషమునకు సుమారు 8 మాటలు నడచెను. వడి ఎనుబది రెట్లు హెచ్చినదన్నమాట. లాటిమర్ క్లార్క్ అను ఇంజనీరు ఈ రెండు తంతులను ఒకటిగా కలిపి, కుట్టుపని చేయువారు వ్రేలికి తొడుగుకొను వెండి తొడుగులో కొంత ఆమ్లమును, జింకు ముక్కను ఉంచి, ఆ పాటి విద్యుత్తుతోనే సంకేతమును సముద్రము దాటించి వెనుకకు రప్పించెను. 2,000 వోల్టులు చేయజాలని పనిని ఒక వ్రేలి తొడుగు చేసెను! ఆ యేడే థామ్సన్‌కు సర్ బిరుదు లభించెను.

1870లో ఇంగ్లండునుండి సముద్రపు తంతి బొంబాయిని చేరెను. 1870–71లో చెన్నపట్టణమునుండి పెనాంగునకును, అచటినుండి సింగపూరునకును తంతి సాగెను. వచ్చిన వార్తను సిరాతో కాగితముపై తానే గీయు యంత్రమును కూడ థామ్సన్ కల్పించి యుండెను. ఓడల దిక్సూచిని సంస్కరించెను. ఉష్ణశాస్త్రమున ఆయన నెలకొల్పిన పరమ మానమునకే నేడు కెల్విన్ మానమని పేరు. గ్లాస్గో విశ్వవిద్యాలయము ప్రక్కన పారు ఏటి పేరుమీదుగా 1892లో ఆయనకు కెల్విన్ ప్రభువను పదవి వచ్చెను. అయినను ఆయన సర్వజ్ఞుడు కాడు. భూమి వయస్సును కొన్ని కోట్ల సంవత్సరములుగా లెక్కకట్టెను. అది సుమారు 450 కోట్ల సంవత్సరములని నేడు తెలిసినది. 1899లో ఆచార్య పదవిని విడిచి, మరల అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా పేరు వ్రాయించుకొనెను. 1907 డిసెంబరు 17వ తేదీన గతించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి చెంత ఆయనను ఖననము చేసిరి.

ఇక మన ఇండ్ల మాట. కొలది గజముల ఇంటి తీగలో జరుగు ఆలస్యమునకు వర్గ సూత్రము కారణము కాదు. కాని ఆయన నేర్పిన పద్ధతి ఇచటను చెల్లును. కంప్యూటర్లను కలుపు ఈథర్‌నెట్ తీగలో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జంటలుగా నుండును. సాధారణముగా సెకనుకు 1,000 మెగాబిట్ల వేగమునకు ఈ నాలుగు జంటలును బాగుండవలెను. ఒక్కటి తెగినను, కొన సరిగా బిగియకున్నను యంత్రములు పెక్కుమారులు 100 మెగాబిట్లకు దిగి, ఏమియు చెప్పక పనిచేయుచునే యుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, 10,000 మెగాబైట్ల ఫైలునకు మొదటి వేగమున లెక్కప్రకారము 80 సెకనులు చాలును. రెండవ వేగమున 800 సెకనులు, అనగా 13 నిమిషములకు పైగా పట్టును. కావున ముందుగా కంప్యూటరులో ఈ వేగము ఎంతయని చూపుచున్నదో చూడవలెను. 100 అని చూపినచో తీగను మార్చి చూడుడు. రాగిపూత పూసిన అల్యూమినియము తీగ చవుకయని కొనరాదు. థామ్సన్ నాటి రాగి వలెనే దానికిని చూపు వేరు, గుణము వేరు. 1,000 అని చూపియు మందముగా నున్నచో, అదే ఫైలును ఒక కంప్యూటరులోనే ఒక చోటినుండి మరియొక చోటికి నకలు చేసి చూడుడు. అదియు మందముగా నున్నచో దోషము డిస్కులో నుండవచ్చును గాని తీగది కాదు. వైఫైతో పంపుచున్నవారు ఒకమారు తీగతో పంపి పోల్చవలెను. వేలకొలది చిన్న ఫైళ్ళు ఒక పెద్ద ఫైలుకన్న నెమ్మదిగా పోవుట సహజము. వాటిని ఒకటిగా కట్టి పంపవచ్చును. ఒకసారి ఒక్కదానినే మార్చి, పట్టిన కాలమును కాగితముపై వ్రాసికొనవలెను.

ఇట్లు చేయక క్రొత్త యంత్రములకు ధనము వెచ్చించుట వైట్‌హౌస్ త్రోవ. పది రూపాయల లోపమునకు పదివేలు పోయుట ఏ కుటుంబమునకును తగదు. ఆలస్యమును చూచి విసుగుకొనక, దానిని కొలిచి, దాని చోటు కనుగొనుటయే కెల్విన్ ప్రభువు త్రోవ. మన బాలబాలికలు ఆ త్రోవను ఇంట చిన్న పనులలోనే అలవరచుకొని, పెద్ద పనులకు అర్హులు కావలెనని మేము కోరుచున్నాము.